కొచ్చి యూదుల రాగిరేకుల్లోని ‘వడుగ పఱై’ మన తెలుగు వాద్యమేనా?

ప్రశ్న: తీరయాత్రికుడు

ఇటీవల కొచ్చి వెళ్ళినప్పుడు మట్టాంచేరిలోని పరదేశి యూదుల ప్రార్థనాలయాన్ని చూశాను. 1568లో కట్టిన ఆ మందిరంలోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. చీనా దేశం నుంచి తెప్పించిన నీలం రంగు బొమ్మల పలకలు కాళ్ళకింద చల్లగా తగులుతుంటాయి. పక్క గదిలో ఆ సమాజపు చరిత్రను చెప్పే చిత్రాలు వరుసగా వేలాడుతున్నాయి. వాటిలో ఒకదానిలో కేరళ రాజు ఒక గడ్డపు పెద్దమనిషికి రాగిరేకులను అందిస్తున్నాడు. ఆ పెద్దమనిషి పేరు జోసెఫ్ రబ్బాన్ అనీ, రాజు ఆయనకు 72 హక్కులనూ ఒక చిన్న రాజ్యాన్నీ ఇచ్చాడనీ, ఇది జరిగింది క్రీ.శ. 379లోననీ మాతో వచ్చిన మార్గదర్శి చెప్పాడు.

ఇంటికి వచ్చిన తరువాత ఆ శాసనం అనువాదాన్ని వెతికి చదివాను. రాజు ఇచ్చిన గౌరవాల జాబితాలో పగటి దీపం, పల్లకి, గొడుగు వంటి వాటి మధ్య ‘వడుగ పఱై’ అనే మాట కనిపించింది. పఱై అంటే డప్పు. తమిళులు తెలుగువారిని వడుగులు అనేవారని చిన్నప్పుడే విని ఉన్నందువల్ల ఆ మాట దగ్గర ఆగిపోయాను. నా సందేహాలు మూడు. ఒకటి, ఆ డప్పు తెలుగువారిదేనా? రెండు, జోసెఫ్ రబ్బాన్‌కు దక్కినది నిజంగా రాజ్యమా, లేక వర్తకానికి సంబంధించిన రాయితీలా? మూడు, విదేశీ వర్తకులకు ఇలాంటి పత్రం ఇచ్చిన రాజు మన తెలుగునేల మీద ఎవరైనా ఉన్నారా? శాసనాలు చదివే అలవాటున్నవారు కొంచెం వివరంగా చెబితే సంతోషిస్తాను.


సమాధానం 1: శాసనాల అరుగు

తీరయాత్రికుడు గారూ, మార్గదర్శి చెప్పిన తేదీతో మొదలుపెడతాను. 379 అన్నది కొచ్చి యూదుల సంప్రదాయంలో ఉన్న సంవత్సరం. రాగిరేకుల మీద శకసంవత్సరమేదీ లేదు. శాసనం ఇచ్చిన భాస్కర రవివర్మ పాలనలో ‘రెండవ ఏటికి ఎదురు ముప్పై ఆరవ ఏడు’ అని మాత్రమే ఉంది. రెండూ ముప్పై ఆరూ కలిపి ముప్పై ఎనిమిదవ ఏడు అని అర్థం చేసుకోవాలి. లిపి తీరునూ, ఆ రాజు ఇతర శాసనాలనూ పరిశీలించిన ఎం.జి.ఎస్. నారాయణన్ ఇది క్రీ.శ. 1000 నాటిదని నిర్ణయించారు, ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారులు అంగీకరించే తేదీ అదే. రాజు పలు నూరువేల ఏండ్లుగా ఏలుతున్నాడని కూడా ఆ శాసనమే చెబుతుంది. శాసనం ఎత్తుగడలో వచ్చే పొగడ్తలను లెక్కకు వాడుకుంటే ఎక్కడికి పోతామో దీన్నిబట్టి ఊహించవచ్చు.

శాసనం వట్టెళుత్తు లిపిలో ఉంది, సంస్కృత పదాలకు గ్రంథ లిపి అక్షరాలు వాడారు. భాష తమిళం నుంచి మలయాళం విడివడుతున్న దశకు చెందినది. రాజు ముయిరిక్కోడులో, అంటే నేటి కొడుంగల్లూరు ప్రాంతంలో, కొలువై ఉన్న రోజున ‘ఇస్సుప్పు ఇరప్పాన్’ అనే వ్యక్తికి ఈ దానం చేశాడు. యోసేపు రబ్బాన్ అనే పేరు ఆ కాలపు కేరళ నోటిలో పడి అలా మారింది.

ఇక గౌరవాల జాబితా. దాన్ని తెలుగు చెవితో వినండి: పగల్ విళక్కు, పావాడై, అందోళకం, కుడై, వడుగ పఱై, కాహళం, ఇడుపడి, తోరణం, తోరణ వితానం. వీటిలో సగానికి పైగా మనకు నిఘంటువు అవసరం లేదు. పావాడై అంటే పెద్దవారు నడిచేచోట నేలమీద పరిచే వస్త్రం, మన పాత కావ్యాల్లోని నడపావడ. అందోళకం మన అందలం. కుడై మన గొడుగుకు దాయాది. కాహళం మనకూ కాహళమే. పగలే దీపం ముందు నడవడం ఎంత గొప్ప మర్యాదో పగటి దివిటీల బిరుదులు ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు, వెలుగు అవసరం లేని వేళ వెలిగించడంలోనే ఆ హోదా అంతా ఉంది.

ఈ వరుసలోనే వడుగ పఱై వస్తుంది. 1890లలో ఈ శాసనాన్ని పరిష్కరించి ప్రకటించిన హుల్ష్, ఆ మాటకు ‘తెలుగు’ అన్న అర్థం ఇచ్చి పక్కనే ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకాన్ని మనం చెరిపేయకూడదని నా అభిప్రాయం. వడుగ అంటే తిరుమల కొండకు ఉత్తరాన ఉన్నవారన్న అర్థం సంగం కాలపు తమిళ పద్యాల నుంచే ఉంది కాబట్టి, వడుగ పఱై ఉత్తరాది తీరు డప్పు అనుకోవడం సమంజసమే. అంతమాత్రాన కొడుంగల్లూరులో తెలుగు వాద్యకారులు ఉన్నారని చెప్పలేము. మనం ఇంట్లో బొంబాయి రవ్వతో ఉప్మా చేసుకుంటాం, అందుకోసం బొంబాయి నుంచి ఎవరూ రానక్కరలేదు. ఒక రకం వస్తువుకు ఊరి పేరో జాతి పేరో అంటుకుంటే, అది ఆ తరువాత ఎక్కడికి వెళ్ళినా ఆ పేరుతోనే వెళుతుంది.

రెండవ ప్రశ్నకు వస్తే, ‘రాజ్యం’ అన్న మాట శాసనంలో లేదు. ఆయనకు ఇచ్చినది అంజువణ్ణం, దానితోపాటు డెబ్బై రెండు ‘విడుపేఱు’లు, అంటే విడిచి ఇచ్చిన హక్కులు. పైన చెప్పిన జాబితాను లెక్కబెడితే డెబ్బై రెండు రావు, పదీ పన్నెండు దగ్గరే ఆగుతుంది. ఆ సంఖ్య ఒక వాడుక. మన శాసనాల్లో అష్టభోగాలతో ఇచ్చామని రాసినప్పుడు ఆ ఎనిమిదింటినీ ప్రతిసారీ పేరుపేరునా చెప్పనట్టే, అక్కడ డెబ్బై రెండు అనగానే ‘సకల మర్యాదలూ’ అని అందరికీ తెలిసేది. అంజువణ్ణాన్ని హుల్ష్ ఒక గ్రామం అనుకున్నారు. కేరళలో ఒక యూదు రాజ్యం ఉండేదన్న కథకు బలం వచ్చిన దారుల్లో అదొకటి. తరువాతి పండితులు ఎక్కువమంది దాన్ని వర్తక సంఘంగా గుర్తించారు.


సమాధానం 2: మిర్చి గుమాస్తా

శాసనాల గురించి నాకు పెద్దగా తెలియదు, కానీ పాతికేళ్ళు గుంటూరులో మిరపకాయల కమీషను కొట్లో లెక్కలు రాసినవాడిని కాబట్టి ఒక్క విషయం చెప్పాలనిపించింది. పై సమాధానం చదివాక నేనూ ఆ అనువాదం వెతికి చూశాను. అందరూ గొడుగు గురించీ పల్లకి గురించీ మాట్లాడుకుంటున్నారు గానీ, నా కన్ను పడింది ఆ తరువాతి వాక్యం మీద. అందులో రాజు ‘ఉల్గు’నూ ‘తులాక్కూలి’నీ వదిలేశానంటాడు. ఉల్గు అంటే సుంకం. తులాక్కూలి అంటే తూకపు కూలి. తుల మనదే, కూలీ మనదే.

ఆ మాట చూడగానే మా పట్టీలు గుర్తుకు వచ్చాయి. సరుకు యార్డులో దిగిన దగ్గర నుంచి రైతు చేతికి డబ్బు వచ్చేలోగా కాటా అని, హమాలీ అని, కమీషను అని ఒక్కొక్కటీ తగ్గుతూ పోతాయి. ఒక్కొక్కదాన్ని విడిగా చూస్తే చిన్న మొత్తమే, సీజను చివర మొత్తం కూడితే తెలుస్తుంది. మిరియాల వంటి సరుకును ప్రతి మజిలీలోనూ తూచి అమ్మేవాడికి తూకపు కూలి మాఫీ చేయడమంటే, పక్క కొట్టువాడికన్నా తక్కువ ధర చెప్పి కూడా లాభం మిగుల్చుకునే వీలు ఇచ్చినట్టే. అంతేకాదు, ఊరివారు రాజనగరికి కట్టే పన్నులు ఆయన కట్టనక్కరలేదు, ఊరివారు అనుభవించే లాభాలు మాత్రం ఆయన అనుభవించవచ్చునని కూడా ఉంది. వాహనాల మీద వచ్చే సుంకమూ, అంజువణ్ణం ఆదాయమూ ఆయనవే. అంటే తాను కట్టకపోవడమే కాదు, ఇతరుల దగ్గర వసూలు చేసుకునే అధికారం కూడా ఉందన్నమాట.

నా వరకు ఇది మత సహనానికి గుర్తుగా ఇచ్చిన పత్రంలా కనిపించలేదు. మంచి ఖాతాదారుడిని పోగొట్టుకోవడం ఇష్టం లేని యజమాని రాసుకున్న ఒప్పందంలా ఉంది. పెద్దలు తప్పుగా అనుకోకూడదు.


సమాధానం 3: పెరియార్ పొరుగు

ఎర్నాకుళంలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగువాడిని. గుమాస్తా గారి లెక్కను నేను కాదనను. అయితే గౌరవాలను పక్కకు నెట్టి సుంకాలనే అసలు విషయంగా తీసుకోవడం సరికాదేమో. ఆ కాలంలో గొడుగు పట్టించుకోవడం, పల్లకి ఎక్కడం, తోరణం కట్టుకోవడం డబ్బుంటే చేసుకోగలిగిన పనులు కావు. ఎవరు ఏది పట్టవచ్చో, ఎవరి ముందు ఏది మోగవచ్చో కులాన్నిబట్టీ పదవినిబట్టీ నిర్ణయమై ఉండేది. వేరే దేశపు మూలాలున్న వర్తకుడు ఎంత ధనవంతుడైనా ఆ నిచ్చెనలో అతనికి మెట్టు లేదు. రాజు ఇచ్చినది ఆ మెట్టు. అది దక్కాకే సామంతులు అతనితో సమానంగా కూర్చుని బేరం ఆడగలుగుతారు. తరువాతి కాలంలో మణిగ్రామం అనే వర్తక సంఘం పెద్ద ఇరవి కొర్తన్‌కు ఇచ్చిన వీరరాఘవ చక్రవర్తి రాగిరేకులోనూ పగటి దీపం, పల్లకి, గొడుగు, తోరణం మళ్ళీ కనిపిస్తాయి. అది సిరియన్ క్రైస్తవుల చేతికి వచ్చిన పత్రం.

సాక్షుల పేర్లు చూడండి. వేణాడు, వెణ్పొలినాడు, ఏరాలనాడు, వళ్ళువనాడు, నెడుంపుఱైయూర్ నాడు, ఈ ఐదు నాడుల అధిపతులు సంతకందారులు. వారి వెంట ఒక ఉపసేనాని కూడా ఉన్నాడు. సుంకం మాఫీ చేసే కాగితానికి ఇంతమంది సామంతులూ సేనానీ ఎందుకు? తంజావూరు చోళులు ఆ దశాబ్దాల్లోనే కేరళ మీద దండెత్తి ఉన్నారు. ఆ యుద్ధంలో ధనంతోనో ఓడలతోనో రాజుకు సహాయం చేసినందుకు ప్రతిఫలంగా ఈ గౌరవాలు దక్కి ఉంటాయని నారాయణన్ ఊహించారు. ఊహే అయినా, సాక్షుల వరుసను చూస్తే నాకు నమ్మదగినదిగానే అనిపిస్తుంది.

మరొక సంగతి. ఈ శాసనంలో ‘యూదుడు’ అన్న మాట ఎక్కడా లేదు. పేరునుబట్టీ, రేకులు తరతరాలుగా ఎవరి దగ్గర ఉన్నాయన్నదాన్నిబట్టీ మనం ఆయనను యూదుడంటున్నాము. అంజువణ్ణం కూడా యూదులకే పరిమితమైన సంఘం కాదు. ఐదు వర్ణాలు అని దాన్ని విడగొట్టి చెప్పేవారున్నారు గానీ, పారశీక భాషలోని ‘అంజుమన్’ నుంచి వచ్చిందన్నదే పండితులకు ఎక్కువ నచ్చిన వివరణ. పశ్చిమాసియా నుంచి వచ్చిన యూదులు, క్రైస్తవులు, ముస్లిములు, పార్సీలు వేరువేరు కాలాల్లో అందులో ఉన్నారు.

దీనికి సాక్ష్యం ఈ రేకులకన్నా నూటయాభై ఏండ్ల ముందుదైన కొల్లం తరిసాపళ్ళి శాసనం. చేర రాజు స్థాణు రవి అయిదవ పాలనా సంవత్సరంలో, క్రీ.శ. 849లో, వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్ దాన్ని ఇచ్చాడు. దానం పొందినది మార్ సాపిర్ ఈశో కట్టించిన చర్చి. కాని ఆ చర్చికీ దాని ఆస్తికీ రక్షణ బాధ్యత అంజువణ్ణం, మణిగ్రామం అనే రెండు సంఘాలది. పట్టణపు కొలతలూ తూనికలూ వారి అధీనంలోనే ఉండాలని కూడా అందులో రాశారు. గుమాస్తా గారికి ఇది నచ్చుతుంది. చివరి రేకు మీద సాక్షులు ఎవరి లిపిలో వారు సంతకాలు చేశారు: కొందరు కూఫీ అరబ్బీలో, కొందరు పహ్లవీలో, కొందరు హీబ్రూ అక్షరాలతో రాసిన పారశీకంలో. క్రైస్తవ మందిరానికి హిందూ పాలకుడు రాసిన దానపత్రం మీద యూదులూ ముస్లిములూ సాక్షి సంతకం చేసిన ఆ ఒక్క రేకును చూస్తే, ఆనాటి రేవు పట్టణంలో నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది.

మట్టాంచేరి రేకుల విషయంలో ఇంటిగొడవ కూడా ఒకటుంది. అవి పరదేశి యూదుల మందిరంలో ఉన్నాయి. స్పెయిన్, పోర్చుగల్ వంటి చోట్ల నుంచి పరదేశి యూదుల పూర్వికులు ఎక్కువమంది పదహారవ శతాబ్దం నుంచి ఇక్కడికి వచ్చారు. శాసనం మాత్రం క్రీ.శ. 1000 నాటిది. అందుకే అంతకు చాలా ముందు నుంచీ ఇక్కడ ఉన్న మలబారు యూదులు, ఆ రేకులు తమ పూర్వికులకు ఇచ్చినవేనని వాదిస్తూ వచ్చారు. మార్గదర్శులు ఈ సంగతి ఎత్తగా నేను వినలేదు.


తీరయాత్రికుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వడుగ పఱై దగ్గర నాకు కలిగిన ఉత్సాహం కొంత తగ్గినా, నడపావడ దగ్గర అంతకన్నా ఎక్కువ పెరిగింది. మూడవ ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. మరొక చిన్న సందేహం కూడా: చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులమని చెప్పుకునే కుటుంబాలు ఉన్నాయని విన్నాను. వారికీ ఈ పాత వర్తకులకూ ఏమైనా సంబంధం ఉందా?


సమాధానం 4: మోటుపల్లి మనుమరాలు

కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు యూదు ఆచారాన్ని బహిరంగంగా చేపట్టింది ఇరవయ్యవ శతాబ్దం చివరి దశాబ్దాల్లో. వారి విశ్వాసం వారిది, దాన్ని ఈ రాగిరేకులకు ముడిపెట్టడానికి ఆధారమేమీ లేదు. తెలుగునేలతో యూదు వర్తకుల సంబంధం వెతకాలంటే పదిహేడవ శతాబ్దం చివర చెన్నపట్నంలో దిగిన వజ్రాల వర్తకులను చూడాలి, వారు గోల్కొండ రాళ్ళ కోసమే వచ్చారు. అంజువణ్ణం పేరు మాత్రం మన తీరంలోనూ ఉంది. కులోత్తుంగచోళపట్టణమని మరో పేరున్న విశాఖపట్నంలో దొరికిన మధ్యయుగపు శాసనాల్లో ఆ సంఘం ప్రస్తావన వస్తుంది. వారిలో యూదులు ఉన్నారని నేను అనడం లేదు. సంఘం పేరు అరేబియా సముద్రం వైపు నుంచి మన రేవు దాకా వచ్చిందని మాత్రమే అంటున్నాను.

ఇక విదేశీ వర్తకులకు పత్రం ఇచ్చిన రాజు మనకున్నాడు. మా అమ్మమ్మగారిది మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరి వీరభద్రస్వామి గుడి దగ్గరి రాతిస్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు ఆ స్తంభానికి వీపు ఆనించి కూర్చుని జీడిమామిడి పండ్లు తిన్నవాళ్ళమే గానీ, దాని మీద ఏమున్నదో అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు.

కొచ్చి రేకులకూ దీనికీ ఉన్న తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. అక్కడ రాజు ఒక మనిషికీ, అతని వంశానికీ ఇచ్చాడు. కొడుకులకూ కూతుళ్ళకూ మేనల్లుళ్ళకూ కూతుళ్ళను చేసుకున్న అల్లుళ్ళకూ, లోకమూ చంద్రుడూ ఉన్నంత కాలం అని రాశాడు. మన ఆచంద్రార్కం లాంటిదే ఆ మాట. గణపతిదేవుడి శాసనంలో లబ్ధిదారుడి పేరు లేదు. ఏ దేశం నుంచైనా, ఏ దీవి నుంచైనా సముద్రం మీద వచ్చే వర్తకులందరినీ ఉద్దేశించినది అది. పూర్వపు రాజులు తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వంటి సరుకునంతా బలవంతంగా తీసుకునేవారనీ, తాము మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవారి మీది దయతోనూ, కీర్తి కోసమూ ధర్మం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వదిలివేస్తున్నామనీ అందులో ఉంది. ఆ సుంకం ఎగుమతికీ దిగుమతికీ ముప్పైకి ఒకటి. ఆ వెనుక మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు అంటూ సరుకుల వారీగా రేట్లు చెక్కించాడు. గొడుగు లేదు, పల్లకి లేదు, డప్పు లేదు. రేవులో అందరి కంట పడేలా రేట్ల పట్టీని రాతి మీద నిలబెట్టినట్టుంది.

పెరియార్ పొరుగు గారు చెప్పిన మెట్టు కేరళలో ఒక్కొక్కరికి విడిగా ఇవ్వవలసి వచ్చింది. మోటుపల్లిలో ఎవరికీ మెట్టు ఇవ్వలేదు, ఇంతకు మించి తీసుకోబోమని అందరికీ మాట ఇచ్చారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ఉదారమైనదో చెప్పమంటే, ఓడ మునిగిన వర్తకుడి వైపు నుంచి చూసి నేను రెండవదానికే ఓటు వేస్తాను. నా అమ్మమ్మ ఊరి మీద అభిమానం అందులో కొంత కలిసి ఉండవచ్చు.

మాట నిలిచిందా అంటే, కాకతీయుల తరువాత మళ్ళీ ఇవ్వవలసి వచ్చింది. 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. అక్కడ స్థిరపడడానికి వచ్చే వర్తకులకు భూమి ఇస్తామనీ, వెళ్ళిపోదలచుకుంటే ఆపబోమనీ, వారి సరుకును బలవంతంగా తీసుకోబోమనీ హామీ ఇస్తూ, కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తి మీద తీసుకునే అపుత్రిక సుంకాన్ని కూడా రద్దు చేశాడు. ఇస్సుప్పు ఇరప్పాన్ పత్రంలో కూతుళ్ళనూ మేనల్లుళ్ళనూ అల్లుళ్ళనూ పేరుపెట్టి చెప్పడం వెనుక ఉన్న భయం కూడా ఇదే అయి ఉంటుందని నేను అనుకుంటున్నాను. పరాయి రేవులో వర్తకుడు కన్నుమూస్తే, అతని గిడ్డంగి తాళంచెవి ఎవరి చేతికి వెళుతుందన్నది గొడుగుకన్నా పెద్ద ప్రశ్న.

తీరయాత్రికుడు గారూ, ఈసారి చీరాల వైపు వస్తే మోటుపల్లి దాకా వెళ్ళండి. స్తంభం గుడి దగ్గరే ఉంటుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ వెళితే అక్షరాలు కొంచెం స్పష్టంగా కనిపిస్తాయి.